మన బడి తలుపు ఎవరికి తెరిచి ఉంది?

జంషెడ్‌పూర్‌లో సాక్చీ బజారుకు ఆనుకుని కాసిడీహ్ అనే పేట ఉంది. ఈ ప్రాంతపు భాషల్లో ‘డీహ్’ అంటే ఊరు వెలసిన మెరక నేల. కాసిడీహ్, బేల్డీహ్, సోనారీ, జుగ్‌సలాయీ వంటి పేర్లలో చాలా భాగం కర్మాగారం రాకముందు ఇక్కడ ఉన్న పల్లెలవి. ఆ పల్లెల్లో సంతాలులు, హోలు, భూమిజులు ఉండేవారు. 1907లో టాటా కంపెనీ ఏర్పడింది. 1912లో మొదటి ఉక్కు పోతపోశారు. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. పని వెతుక్కుంటూ పంజాబు నుంచి సిక్కులు వచ్చారు. శ్రీకాకుళం, విశాఖ, గంజాం వైపు నుంచి తెలుగువాళ్ళు వచ్చారు. బెంగాలీలు, బీహారీలు, ఒడియావాళ్ళు, గుజరాతీలు వచ్చారు. వచ్చిన ప్రతివారూ ముందు ఒక గుడో గురుద్వారావో కట్టుకున్నారు, తరువాత ఒక బడి కట్టుకున్నారు. పరాయిచోట బతకడానికి వచ్చినవాళ్ళు చేసే పని అదే. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు.

ఈ రోజు ఉదయం ఏడు గంటలకు సాక్చీ గోల్‌చక్కర్ దగ్గర నిలబడి చూడండి. రెండు రకాల బడిపిల్లలు కనిపిస్తారు. టై కట్టుకుని వ్యాన్లలో, ఆటోల్లో, నాన్న స్కూటరు మీద ఇంగ్లీషు బడికి వెళ్ళేవాళ్ళు ఒక రకం. చెల్లెలి చెయ్యి పట్టుకుని నడిచి సర్కారు బడికి వెళ్ళేవాళ్ళు మరో రకం. మొదటి బడిలో హాజరు పట్టీ తెరిస్తే సింగ్, శర్మ, రావు, అగర్వాల్, చటర్జీ అన్న పేర్లు వరసగా వస్తాయి. రెండో బడిలో ముర్మూ, హాన్స్‌దా, సర్దార్, ముఖీ, కాళిందీ అన్న పేర్లు వస్తాయి. ఒక పట్టీలోని పేర్లు రెండోదానిలో అసలే ఉండవని కాదు. ఉంటాయి, కాని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. 2011 జనగణన ప్రకారం తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలో నూటికి 28 మందికి పైగా ఆదివాసీలు. మీ పిల్లవాడి తరగతి ఫోటో ఒకటి గోడకు ఉంటుంది కదా, ఒకసారి దాని ముందు నిలబడి ఆ లెక్క అందులో కనిపిస్తుందేమో చూడండి.

ఎవరి నేల మీద ఈ నగరం లేచిందో వాళ్ళ మునిమనవలు నగరంలోని మంచి బడుల గేటు దగ్గర అందరికంటే వెనక నిలబడి ఉన్నారు. ‘వీళ్ళకు ప్రవేశం లేదు’ అని ఏ గేటు మీదా రాయలేదు. ఫీజుల పట్టిక రాసి పెట్టారు, అది చాలు.

ఈ మాట ఎత్తగానే ఏ తండ్రి అయినా ఒక ప్రశ్న వేస్తాడు. ‘‘నా కష్టార్జితంతో నా బిడ్డను చదివించుకుంటున్నాను. నేను ఎవరికి అన్యాయం చేశాను?’’ న్యాయమైన ప్రశ్నే. నిజంగా ఆ తండ్రి ఎవరికీ అన్యాయం చేయలేదు. సర్కారు బడిలో టీచరు లేరు, తలుపు సరిగా పడదు, అందుకని అప్పో సప్పో చేసి పిల్లను మంచి బడిలో వేశాడు. పక్కింటాయనా అదే చేశాడు. వీధి అంతా అదే చేసింది. కలెక్టరు ఆఫీసుకు వెళ్ళి గట్టిగా మాట్లాడగలిగినవాళ్ళు, అర్జీ రాయగలిగినవాళ్ళు, పేపరువాళ్ళు తెలిసినవాళ్ళు అందరూ ఆ బడి నుంచి తమ పిల్లలను తీసుకుని బయటకు వచ్చేశారు. లోపల మిగిలినవాళ్ళ మాట వినేవాళ్ళు లేరు. ఒక్కొక్కరి పని విడిగా చూస్తే అందులో తప్పు లేదు, అన్నీ కలిపి చూస్తే తప్పు ఉంది. లెక్కల్లో సున్నాలు ఎన్ని కూడినా సున్నాయే వస్తుంది గాని లోకవ్యవహారంలో అలా కాదు.

ఇలా అవుతుందని పెద్దలకు తెలియకపోలేదు. డి.ఎస్. కోఠారీ అధ్యక్షతన వేసిన విద్యా కమిషన్ 1966లోనే చెప్పింది: ఒక పేటలో ఉన్న పిల్లలందరూ, డబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళూ, ఒకే బడికి పోవాలని, లేకపోతే విద్యే మనుషులను విడదీసే పని చేస్తుందని. 1968 విద్యావిధానంలో ఆ మాటను కాగితం మీద ఒప్పుకున్నారు. తరువాతి కథ మనకు తెలుసు. ఝార్ఖండ్‌లో గత పదేళ్ళలో నాలుగు వేలకు పైగా సర్కారు బడులను పిల్లలు తక్కువున్నారని పక్క బడుల్లో కలిపేశారు. 2022లో ఇక్కడి జ్ఞాన విజ్ఞాన సమితివారు రాష్ట్రంలో 138 బడులు తిరిగి చూస్తే, అయిదింట ఒక బడికి ఒక్కరే టీచరు. ఆ ఒంటి టీచరు బడుల్లో చదివేవాళ్ళలో అత్యధికులు దళిత, ఆదివాసీ పిల్లలు. అయిదు తరగతులను ఒక్క మనిషి ఎలా చెబుతాడో ఊహించండి. మూడో తరగతికి చెబుతున్నప్పుడు మిగిలిన నాలుగు తరగతులు ఊరికే కూర్చోవడం నేర్చుకుంటాయి.

కరోనా వచ్చినప్పుడు ఈ తేడా అందరి కళ్ళకూ కనిపించింది. 2020 మార్చిలో మూసిన ప్రాథమిక పాఠశాలలు ఈ రాష్ట్రంలో దాదాపు రెండేళ్ళు తెరుచుకోలేదు. ఫోనూ ఇంటర్నెట్టూ ఉన్న పిల్లలకు పాఠాలు ఎలాగో నడిచాయి. లేనివాళ్ళకు అక్షరాలు కూడా మరపున పడ్డాయి. 2021లో ఆన్‌లైన్ పాఠాల కోసం ఫోను కొనుక్కోవాలని మన జంషెడ్‌పూర్‌లోనే ఒక బడిపిల్ల రోడ్డు పక్కన మామిడిపళ్ళు అమ్ముకుంటున్న సంగతి పత్రికల్లో వచ్చింది. దూరాన ఉన్న ఒక దాత పన్నెండు పళ్ళను లక్షకు పైగా ఇచ్చి కొన్నాడు. మంచి మనసు. దేశమంతా మెచ్చుకుంది. కాని ఆ రోజు ఆ రోడ్డు మీద పళ్ళు అమ్మిన మిగతా పిల్లల సంగతి ఏ పేపరులోనూ రాలేదు. దయ కంటికి కనబడిన బిడ్డ దగ్గరే ఆగుతుంది, న్యాయానికి అలా ఆగే వీలు లేదు.

ఇది మన దేశపు జబ్బు ఒక్కటే అనుకోవద్దు. అమెరికాలో నల్లవారి పిల్లలకూ తెల్లవారి పిల్లలకూ వేరు వేరు బడులు పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు 1954 మే 17న తీర్పు చెప్పింది. అంతటితో గోడ కూలిందని లోకం సంతోషించింది. అక్కడ బడుల ఖర్చులో పెద్ద భాగం ఆ పేట ఇళ్ళ మీద వేసే పన్ను నుంచి వస్తుంది. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో నగరంలో ఎడ్జ్‌వుడ్ అని ఒక పేద పేట, అక్కడివారిలో ఎక్కువమంది మెక్సికన్ మూలాలున్నవారు. ఆలమో హైట్స్ అని ఒక కలిగిన పేట, అక్కడ ఎక్కువమంది తెల్లవారు. 1967-68లో ఎడ్జ్‌వుడ్‌లో ఒక్కో పిల్లవాడి చదువుకు ఖర్చయింది 356 డాలర్లు. ఆలమో హైట్స్‌లో 594. విచిత్రం ఏమిటంటే, పేద పేటవారే ఎక్కువ రేటున పన్ను కడుతున్నారు! ఇళ్ళకు విలువ లేదు కనుక ఎంత రేటు వేసినా రాబడి రాదు. డిమెట్రియో రోడ్రిగెస్ అనే తండ్రి, మరికొందరు తల్లిదండ్రులతో కలిసి కోర్టుకు వెళ్ళాడు. 1973లో సుప్రీంకోర్టు నలుగురికి అయిదుగురి మెజారిటీతో అతనికి వ్యతిరేకంగా చెప్పింది. మరుసటి సంవత్సరం డెట్రాయిట్ నగరం కేసులో, నగరం లోపలి బడులకూ చుట్టుపక్కల తెల్లవారి పేటల బడులకూ మధ్య గీత దాటి పిల్లలను కలపమనే అధికారం కింది కోర్టుకు లేదంది. అలా బోర్డు తీసేశారు, గీత మిగిలింది. అక్కడ గీత పేట సరిహద్దు, ఇక్కడ గీత ఫీజు రసీదు.

పిల్లల మనసులో ఈ గీత ఎక్కడ పడుతుందో తెలుసుకోవడానికి కొందరు శ్రమపడ్డారు. అమెరికాలో కెనెత్ క్లార్క్, మామీ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు చిన్న పిల్లల ముందు తెల్లబొమ్మలూ గోధుమరంగు బొమ్మలూ పెట్టి, ‘మంచి బొమ్మ ఏది?’ అని అడిగారు. నల్లపిల్లల్లోనే ఎక్కువమంది తెల్లబొమ్మను చూపించారు. 1954 తీర్పులో ఆ పరిశోధనకు చోటు దొరికింది. మన దేశంలో అంతకంటే దగ్గరి సంగతి ఒకటి ఉంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు కాగితం మీద దారి కనుక్కునే చిక్కుబొమ్మలు ఇచ్చారు. సరిగా చేసినదానికి డబ్బు. ఎవరు ఏ కులమో చెప్పనప్పుడు పైకులాల పిల్లలూ కిందికులాల పిల్లలూ దాదాపు సమానంగా చేశారు. పని మొదలుపెట్టే ముందు అందరి ఎదుటా పేరూ కులమూ చదివినప్పుడు కిందికులాల పిల్లల పనితనం అయిదో వంతు పడిపోయింది. పిల్లలు వాళ్ళే, చిక్కుబొమ్మలు అవే, తెలివీ అదే. మారింది ఒక్కటే, గదిలో ఒక మాట పైకి వినబడింది.

దీని గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. ‘వాళ్ళ పిల్లలకు చదువు అబ్బదు’ అని మనలో మంచివాళ్ళు కూడా చాలా తేలిగ్గా అనేస్తారు. హో భాష మాట్లాడే ఇంట్లోనుంచి ఆరేళ్ళ పిల్ల మొదటిసారి బడికి వస్తుంది. టీచరు హిందీలో ఏదో అంటుంది. పిల్లకు అర్థం కాక మౌనంగా నిలబడుతుంది. టీచరు పట్టీ చూస్తుంది, ఇంటిపేరు చూస్తుంది, ముఖం రంగు చూస్తుంది, ‘సరేలే, కూర్చో’ అంటుంది. తిట్టలేదు, కొట్టలేదు. కాని ఆ పిల్లను మళ్ళీ ప్రశ్న అడగడం తగ్గిపోతుంది. అడగని పిల్ల చెప్పదు. చెప్పని పిల్లకు రాదనుకుంటారు. నాలుగో తరగతికి వచ్చేసరికి ఆ అనుకోవడం నిజమై కూర్చుంటుంది. మన తెలుగు తాతలు మొదటిసారి ఈ ఊరికి వచ్చినప్పుడు వాళ్ళ హిందీ విని బజారులో నవ్వినవాళ్ళు ఉండే ఉంటారు. పెద్దవాడు ఆ నవ్వును దులుపుకుని పనిలోకి వెళ్తాడు. ఆరేళ్ళ పిల్ల ఎక్కడికి వెళ్తుంది?

ఇక చట్టం సంగతి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు మొదటి తరగతిలో కనీసం నూటికి 25 సీట్లు బలహీనవర్గాల పిల్లలకు, పేద పిల్లలకు ఇచ్చి, ఎనిమిదో తరగతి వరకు ఉచితంగా చదువు చెప్పాలి. మన ఊళ్ళో దీన్నే బీపీఎల్ కోటా అంటారు. 2012లో సుప్రీంకోర్టు ఈ నియమం చెల్లుతుందని చెబుతూ, ప్రభుత్వ సాయం పొందని మైనారిటీ బడులను మాత్రం మినహాయించింది. 2014 మే 6న ప్రమతి ట్రస్టు కేసులో మైనారిటీ బడులన్నిటికీ ఈ చట్టమే వర్తించదని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తులు ఆ తీర్పు సరైనదేనా అని సందేహం వెలిబుచ్చి, పెద్ద ధర్మాసనానికి నివేదించాలని కోరారు. అది ఎటు తేలినా మన ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది.

ఆ మినహాయింపు ఎవరికి? సిక్కులకు, ముస్లింలకు, క్రైస్తవులకు, ఇంకా ఇతర మత మైనారిటీలకు, అలాగే భాషా మైనారిటీలకు. మైనారిటీ అంటే ఎవరో రాష్ట్రాన్ని బట్టి చూడాలని 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే తెలుగువాడు విజయవాడలో భాషా మైనారిటీ కాదు. రైలెక్కి టాటానగర్‌లో దిగితే అవుతాడు. ఇక్కడ అతను ఒక ట్రస్టు పెట్టి బడి నడిపితే రాజ్యాంగం 30వ అధికరణం అతనికి అండగా నిలుస్తుంది. మంచిదే. కాని ఇదే రైలులో మరో పెట్టెలో ఒక తెలుగు దళిత కుటుంబమూ దిగింది అనుకోండి. మర్రి చంద్రశేఖరరావు అనే తెలుగు విద్యార్థి బొంబాయిలో వైద్యకళాశాల సీటు కోసం వేసిన కేసులో సుప్రీంకోర్టు 1990లో ఏం చెప్పిందంటే, షెడ్యూల్డు కులం, తెగ అన్న గుర్తింపు ఆ రాష్ట్రానికే పరిమితం, వలస వెళ్ళిన రాష్ట్రంలో దాని ప్రయోజనం దక్కదు అని. 1950 నాటి జాబితాల తరువాత వలస వచ్చిన ఎందరో ఇలా కులం పత్రం చేతిలో పెట్టుకుని కూడా ఏమీ కానివాళ్ళయ్యారు. చూశారా, ఒకే సరిహద్దు. దాన్ని దాటగానే సంస్థ పెట్టగలిగినవాడికి ఒక కొత్త హక్కు వచ్చింది, చీపురు పట్టినవాడి కొడుకుకు ఉన్న హక్కు పోయింది. ఇద్దరూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు.

30వ అధికరణాన్ని నేను తక్కువ చేయడం లేదు. పెద్ద సమూహం మధ్య చిన్న సమూహం తన లిపిని, తన విశ్వాసాన్ని, తన చరిత్రను పిల్లలకు అందించుకోవడానికి ఆ గోడ అవసరం. అది లేకపోతే మన బడిలో ఏం చెప్పాలో ఎవరో వచ్చి చెబుతారు. కాని ఆ గోడ వెనక ఇప్పుడు ఏం జరుగుతోందో కూడా చూడాలి. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2021లో దేశవ్యాప్తంగా మైనారిటీ బడుల లెక్క తీసింది. ఆ బడుల్లో చదివే పిల్లల్లో నూటికి 62 మందికి పైగా అసలు మైనారిటీ సమాజాలకు చెందినవారే కారు. సామాజికంగా, ఆర్థికంగా వెనకబడిన కుటుంబాల పిల్లలు నూటికి తొమ్మిదిమంది కూడా లేరు. కాబట్టి ‘మా పిల్లలకోసం మా బడి’ అన్న మాట నిలబడదు. ఫీజు కట్టగలిగితే పరాయి పిల్లవాడికీ చోటు ఉంది. కట్టలేకపోతే సొంత సమాజపు పిల్లవాడికి కూడా లేదు. సిక్లీగర్ సిక్కు కమ్మరి కొడుకును, వడ్డీకి డబ్బు తెచ్చి బండి తోలే తెలుగు డ్రైవరు కూతురిని ఆ గోడ కాపాడటం లేదు. వాళ్ళను బయటే నిలబెడుతోంది.

గేటు దగ్గర ఆపేయడం అంటే ఏమిటో సిక్కులకు వేరే చెప్పనక్కరలేదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో ఒక ప్రైవేటు బడి ప్రధానోపాధ్యాయుడు, తలపాగా తీసి జుట్టు కత్తిరించుకుంటే తప్ప చేర్చుకోనని ఒక సిక్కు బాలుడికి సీటు నిరాకరించాడు. ఆ కుటుంబం కోర్టుకు వెళ్ళింది. కింది కోర్టులో ఓడింది, అప్పీలులో ఓడింది. 1983 మార్చిలో ప్రభువుల సభ, అంటే అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం, సిక్కులు జాతి సంబంధాల చట్టం రక్షణ పొందే సమూహమేనని, ఆ బాలుణ్ణి చేర్చుకోకపోవడం జాతి వివక్ష అని తేల్చింది. ఫ్రాన్సులో 2004 చట్టం తరువాత తలపాగా పెట్టుకున్న సిక్కు బాలురను సర్కారు బడుల నుంచి పంపేశారు. ఈ సంగతులు మన సభల్లో ఆవేశంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. అయితే ఆ బర్మింగ్‌హాం బడిపెద్ద తనను తాను జాతి ద్వేషి అనుకోలేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ‘మా బడికి ఒక పద్ధతి ఉంది, అందరికీ ఒకటే నియమం’ అన్నాడు, అంతే. మన కమిటీ గదిలో ‘మా ఫీజు అందరికీ ఒకటే’ అన్నప్పుడు ఆ మాట వేరే గొంతులో వినిపించడం లేదా?

తండ్రి ఒక్కడు చేసే ఎంపికకూ, కమిటీ చేసే నిర్ణయానికీ తేడా ఇక్కడే ఉంది. తండ్రి చేతిలో ఉన్నది ఒక్క బిడ్డ భవిష్యత్తు. అతను వ్యవస్థను మార్చలేడు, అందుకే అతన్ని క్షమించాం. గురుద్వారా ప్రబంధక కమిటీ గాని, తెలుగు సంఘం గాని బడి నడిపితే, అది ఒక తండ్రిలా మాట్లాడటానికి వీల్లేదు. నియమం రాసేది అదే. రేపు ఉదయం ఎవరు ఏ బెంచీ మీద కూర్చుంటారో తీర్మానించేది అదే. పైగా చట్టం మినహాయించింది అంటే నిషేధించింది అని అర్థం కాదు. ‘మీరు తీసుకోనక్కరలేదు’ అన్నదే గాని ‘తీసుకోవద్దు’ అనలేదు. మిగతా బడులు జిల్లా విద్యాశాఖ పంపిన జాబితా చేతిలో పెట్టుకుని, ఎలా తప్పించుకుందామా అని చూస్తూ చేర్చుకుంటాయి. బలవంతం లేని బడి ఒక్కటే తనంతట తాను తలుపు తెరవగలదు. ఈ అవకాశం పూర్తిగా మైనారిటీ సంస్థలకే ఉంది. మరెవరికీ లేదు.

‘మేము చేస్తూనే ఉన్నాం, సాయంత్రం పూట పేద పిల్లలకు ఉచితంగా చదువు చెబుతున్నాం’ అని కొన్ని యాజమాన్యాలు చెబుతాయి. మన దేశంలో పెద్ద పెద్ద బడులు చాలాకాలంగా ఈ పని చేస్తున్నాయి. దాన్ని ఎగతాళి చేయడం సులువు, కాని చేయకూడదు. ఆ సాయంత్రపు తరగతుల్లో అక్షరాలు నేర్చుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు ఉన్నారు. అయితే ఒక్క విషయం చూడండి. మధ్యాహ్నం రెండింటికి ఒక పిల్లవాడు బల్ల మీద నుంచి లేచి వెళ్ళిపోతాడు. మూడింటికి అదే బల్ల మీదకు మరో పిల్లవాడు వస్తాడు. సొరుగులో మొదటివాడు మరచిపోయిన రంగు పెన్సిలు ఉంటుంది. ముట్టుకుంటే దొంగ అంటారని రెండోవాడికి తెలుసు. ఒకే బల్ల మీద ఆరేళ్ళు కూర్చుని ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడరు. గురుద్వారాలో లంగరు వడ్డించేటప్పుడు పేదలకు వేరే వేళ పెట్టరు. పాదుషా వచ్చినా పంక్తిలో నేలమీద కూర్చున్నాకే సంగతులో కలవాలని గురు అమర్‌దాస్ పెట్టిన నియమం. అన్నం పెట్టడమే ఉద్దేశమైతే ఆకు కట్టి ఇంటికి పంపినా సరిపోయేది. పక్కన కూర్చోవడం ఆ నియమంలో అన్నంతో సమానమైన భాగం. హాలులో పంక్తిలో పక్కపక్కన కూర్చోబెట్టిన పిల్లలను ఆవరణ దాటి బడిలోకి వెళ్ళగానే వేళలు మార్చి విడదీస్తే, వాళ్ళు ఆ రెంటిలో ఏ పాఠం నమ్మాలి?

అభ్యంతరాలు ఉన్నాయి. డబ్బు మొదటిది. బీపీఎల్ సీటుకు ఈ రాష్ట్రంలో చాలా ఏళ్ళుగా లెక్కగట్టింది ఒక్కో పిల్లకు నెలకు 425 రూపాయలు, అదీ ఆలస్యంగా వస్తుందని బడులవాళ్ళ గోల. మైనారిటీ బడి తనంతట తాను చేర్చుకుంటే ఆ మాత్రం కూడా అడిగే హక్కు ఉండకపోవచ్చు. ఖర్చు మిగతా తల్లిదండ్రుల మీద పడుతుంది, లేదా సంగతు మీద పడుతుంది. పాలరాయి మార్చడానికి, గుమ్మటానికి బంగారు రేకు వేయడానికి వసూలయ్యే డబ్బు ఈ పనికి వసూలు కాదా అన్నది ప్రతి సంఘమూ తన జమాఖర్చుల పుస్తకం చూసుకుని చెప్పవలసిన జవాబు. నేను చెప్పలేను.

రెండోది, మా పిల్లల చదువు పాడవుతుందన్న భయం. దీనికి మాత్రం ఊహలతో పని లేకుండా జవాబు ఉంది. ఢిల్లీలో 2007 నుంచి కొన్ని ప్రైవేటు బడులు పేద పిల్లలను చేర్చుకోవలసి వచ్చింది. గౌతమ్ రావు అనే ఆర్థికశాస్త్రవేత్త ఆ బడుల్లోని ధనిక పిల్లలను పరిశీలించాడు. పేద పిల్లలతో కలిసి చదివినవాళ్ళు దానం ఎక్కువ చేశారు, ఆటకు జట్టు ఎంచుకునేటప్పుడు పేదవాడని పక్కన పెట్టడం తగ్గింది. మార్కుల సంగతి చూస్తే, హిందీలో, లెక్కల్లో తేడా లేదు. ఇంగ్లీషులో కొద్దిగా తగ్గాయి. నిజం నిజంగానే చెప్పుకోవాలి కనుక ఆ కొద్దిపాటి తగ్గుదలను దాచకుండా చెబుతున్నాను. ఇంగ్లీషులో రెండు మార్కులు ఎక్కువో, తోటి మనిషిని జట్టులోకి పిలవగల మనసు ఎక్కువో తల్లిదండ్రులు తూచుకోవాలి. రెండూ బడిలోనే వస్తాయి. మొదటిది ట్యూషనులో కూడా దొరుకుతుంది.

మూడో అభ్యంతరం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. అది బస్తీలో తల్లుల నోట వినబడే మాట. ‘‘ఆ పెద్ద బడిలో వేస్తే నా పిల్ల చిన్నబుచ్చుకుంటుంది.’’ ఇది నిజమైన భయం. పుట్టినరోజుకు చాక్‌లెట్లు పంచాలి, పిక్నిక్‌కు డబ్బు కట్టాలి, శనివారం తెల్లబూట్లు, వార్షికోత్సవానికి వేరే దుస్తులు. టిఫిన్ డబ్బా మూత తీయడానికి సిగ్గుపడి ఆకలితో కూర్చునే పిల్లలు ఉన్నారు. 2012లో బెంగుళూరులో ఒక బడిలో కోటా పిల్లలను గుర్తుపట్టడానికి వాళ్ళ జుట్టు కొంచెం కత్తిరించారని ఆరోపణ వచ్చి పెద్ద అల్లరి జరిగింది. ఉత్తరప్రదేశ్ చిక్కుబొమ్మల సంగతి మళ్ళీ తలచుకోండి. గదిలో పేరు చదవడమే అయిదో వంతు తెలివిని మింగింది. ‘బీపీఎల్ పిల్లలు లేచి నిలబడండి’ అని ఏడాదికి ఎన్నిసార్లు చదువుతారు? పుస్తకాలు పంచేటప్పుడు, ఫోటో తీసేటప్పుడు, ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు. అలా చదివే బడిలో సీటు ఇవ్వడం కంటే ఇవ్వకపోవడమే నయమని ఆ తల్లి అనుకుంటే ఆమెది తప్పంటారా?

కాబట్టి తలుపు తెరవాలనుకునే కమిటీ సీట్ల లెక్క కంటే ముందు ఈ చిన్న సంగతులు తేల్చుకోవాలి. పుట్టినరోజు చాక్‌లెట్లు అందరికీ మానేయడం పెద్ద పనేమీ కాదు. బూట్లు, పుస్తకాలు ఆఫీసు గది నుంచి పేరు పిలిచి ఇవ్వకుండా సంవత్సరం మొదట్లోనే ఇంటికి చేర్చవచ్చు. ఏ పిల్ల ఏ సీటులో చేరిందో గుమాస్తాకు తప్ప టీచరుకు తెలియనక్కరలేదు. హో, సంతాలీ తెలిసిన ఒక ఆయమ్మను గాని, టీచరును గాని మొదటి తరగతిలో పెట్టుకుంటే ఆరేళ్ళ పిల్ల మౌనం మూడు నెలల్లో విడుతుంది. సంతాలీ 2003 నాటి సవరణ చట్టంతో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చేరిన భాష. దానికి 1925లో రఘునాథ్ ముర్మూ చేసిన ఓల్ చికీ లిపి ఉంది. మన గురుముఖికి, మన తెలుగు లిపికి గోడమీద చోటు అడిగే మనం, ఆ అక్షరాలకు కూడా పక్కన ఒక పటం తగిలించవచ్చు.

ఇంకో విషయం ఎక్కువమంది గమనించరు. చట్టం ఇచ్చే ఉచిత చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. పద్నాలుగేళ్ళ పిల్ల, ఎనిమిదేళ్ళు ఒకే స్నేహితులతో చదివిన పిల్ల, తొమ్మిదో తరగతి మొదటి రోజున ఫీజు కట్టమన్న చీటీతో ఇంటికి వస్తుంది. ఆ ఇంట్లో అంత డబ్బు ఉండదు. సర్కారు బడిలో చేరితే పుస్తకాలు వేరు, మాధ్యమం వేరు, స్నేహితులు లేరు. అక్కడే చాలామంది ఆడపిల్లల చదువు ఆగుతుంది, పెళ్ళి మాటలు మొదలవుతాయి. చట్టం బలవంతం మీద చేర్చుకున్న బడి ఆ రోజున ‘మా బాధ్యత తీరింది’ అనవచ్చు. ఇష్టపడి చేర్చుకున్న బడి ఏమంటుంది? ఒకటో తరగతి దరఖాస్తు ఫారం అచ్చు వేయించే ముందే, పదకొండేళ్ళ తరువాత ఆ పిల్ల పన్నెండో తరగతి పరీక్ష ఫీజు ఎవరు కడతారన్నది కమిటీ మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాలి. అప్పటికి కమిటీ మారిపోతుంది, ప్రధాన్ మారిపోతాడు. పుస్తకం ఉంటుంది.